జారుముడి

పద్నాలుగు సాయంత్రమే
మా ఇంట్ల పంద్రాగస్టు.
మక్తల్‌ల అందరికి అది తెల్లారి ఎనిమిదింటికి వస్తది,
మాకు ముందునాడే,
అమ్మ జొన్నరొట్టెలు చేసే యాళ్లకు
బట్టలారేసే తీగ కాడికి వస్తది.

నాయిన తాయప్ప, హైస్కూల్ల అటెండరు.
గంట కొట్టుడు, చాక్‌పీసులు పంచుడు,
రికార్డు రూముల ఎలుకలతోని పోట్లాడుడు
ఎవరు చేసినా నడిచే పనులే.
జెండా ముడి మాత్రం ఆయనే ఎయ్యాలె.
స్కూలుకు, సొసైటీకి, పశువుల దవాఖానకు,
రాయచూరు రోడ్డు మీది ఆటోల అడ్డకు,
ఆఖరుకు పోలీస్ స్టేషనుకు గూడ
మబ్బుల లేచి సైకిలేసుకొని
ఏడు జెండాలు మడతవెట్టి, పూలు నింపి,
ఏడు ముడులేసి వచ్చేటోడు.
ఒక్క ఉపన్యాసం పూరాగ విన్నది లేదు.

నేను ఆరోతరగతిల ఉన్నప్పుడు
ముడి పట్టుకుంది.
రాత్రంత వాన. నూలుతాడు నాని ఉబ్బింది.
పెద్దసారు గుంజిండు. ఊపిండు. మళ్ల గుంజిండు.
జెండా పైన ముడుచుకొని కూసుంది
తడిసిన పిచ్చుక లెక్క.
సెల్యూట్ కొట్టిన మూడు వందల చేతులు
దించాల్నో వద్దో తెల్వక అట్లనే ఉన్నయి.
డ్రమ్ము పిలగాడు పుల్లలు గాలిలనే ఆపిండు.
ఎనక నుంచి ఎవడో నవ్విండు.
నేను గూడ జెర నవ్విన.
ఆ సంగతి నాయినకు ఇప్పటిదాంక చెప్పలే.

పదోతరగతి ఉసేనప్ప చెప్పులిడిచి
కంబమెక్కి పండ్లతోని ముడి ఇప్పిండు.
పూలు సగం వాని నోట్లె, సగం అంగీల.
అందరు చప్పట్లు కొడుతుంటే
నాయిన నీళ్ల ట్యాంకు ఎనకకు పోయి
బకెట్లు సదురుతుండు,
సదిరినవే మళ్ల సదురుతుండు.

మెమో ఇయ్యలే, ఎవ్వరు తిట్టలే.
ఆయనే రెండు దినాలు బువ్వ ముట్టలే.

మరుసటేడు పద్నాలుగు సాయంత్రం
నూలుది ఒకటి, నైలానుది ఒకటి
తాళ్లు రెండు తెచ్చి బకెట్ల నానవెట్టిండు.
చుక్కల దుప్పటి మడిచి తీగకు కట్టిండు.
ఉత్తగ చూసుటానికి పూలకు పైసలెందుకని
లోపల ఉల్లిపొట్టు నింపిండు.
‘ముఖ్య అతిథి రావాలె’ అన్నడు.
పొయ్యి కాడికెల్లి అమ్మ లేచి
పిండి చేతులు కొంగుకు తుడుచుకుంట వచ్చి
గుంజింది.

దుప్పటి ఇప్పుకుంది.
ఎర్రపొట్టు జలజలమని
అమ్మ నెత్తిల, కొప్పుల, పిండి చేతుల మీద.
తమ్ముడు ‘ప్రసంగం, ప్రసంగం’ అని ఎగిరిండు.
అమ్మ నిలవడి, జెరసేపు ఆలోచించి,
‘రొట్టె మాడుతుంది’ అని పోయింది.

ఆయేటి సంది ఇదే పండుగ.
ఒకేడు ముఖ్య అతిథి నాయినమ్మ,
ఒకేడు కిరాయి వసూలుకొచ్చిన ఇంటి ఓనరు,
పొట్టు దులుపుకుంట నవ్వి
ఆ నెల అడగకుండ పోయిండు.
జులై పడంగనే అమ్మ ఉల్లిపొట్టు
సంచిల దాచుడు మొదలువెడతది.

ఇప్పుడు నాయినకు ఏళ్లు వణుకుతున్నయి.
చాయ గ్లాసు రెండు చేతులతోని పడతడు.
ముడి నేనేస్తున్న, ఆయన స్టూలు మీద కూసొని
‘తోక రెండేళ్లు బయటికుంచు,
ఆ, ఇంక జెర,
నీ మొగనికి కోపమొచ్చినట్ల బిగియ్యకు’
అంటుంటడు.
లోపల మా ఆయన ఇనవడనట్టు టీవీ సౌండు పెంచుతడు.

ఈయేడు ముఖ్య అతిథి నువ్వే అని
తాడు నాయిన చేతిల పెట్టిన.
ఇన్నేండ్లల్ల ఒక్కసారి గుంజినోడు కాదు.
పట్టుకున్నడు. చేయి వణికింది.
తాడు వణికింది. తీగంత వణికింది.
గుంజకముందే
ముడి జారిపోయింది.

తెల్లజుట్టు నిండ ఉల్లిపొట్టు.
ఎవ్వరం చప్పట్లు కొట్టలే.
నా కొడుకు అమ్మమ్మ దిక్కు చూసిండు.
నాయిన నెత్తి మీద పొట్టు తియ్యకుండనే
దుప్పటి దిక్కు చానాసేపు చూసి
‘వదులైంది’ అన్నడు.
‘మళ్ల కట్టు.’

కట్టిన. ‘ఇంక’ అన్నడు. మళ్ల కట్టిన.
మూడోసారికి చీకటైంది,
పిలగాడు సెల్లు లైటు పట్టిండు.
రాయచూరు దిక్కుకెల్లి వాన గాలి.
రేపటి తాడు బకెట్ల నానుతుంది.
లోపలికెల్లి
మాడిన రొట్టె వాసన.