ఎస్ మీద టోపీ

మొఖొట్లాంగ్ జిల్లా ఆరోగ్య కార్యాలయంలో
పంతొమ్మిదేళ్ళు మినిట్స్ రాసినవాణ్ణి.
నీలం సిరా, గీతల పుస్తకం,
పక్కన చల్లారిపోయే టీ.
ఏమన్నారో రాయడం నా పని.
ఎవరన్నారో రాయడమూ నా పనే.
తప్పంతా అక్కడే ఉంది.

ఆ జూన్‌లో మంచు గుర్రాల మోకాళ్ళ దాకా పడింది.
పై ఊళ్ళలో ఇద్దరు తల్లులకి నొప్పులొచ్చాయి.
అంబులెన్సు రెండో మలుపు దగ్గరే ఆగిపోయింది.
గుర్రమెక్కి వెళ్ళిన నర్సు మాత్సెదిసో
మూడోనాడు తిరిగొచ్చింది.
కంబళి అంచులు గడ్డకట్టి రేకుల్లా చప్పుడు చేస్తున్నాయి.
సంచిలో, పొట్లం విప్పని కత్తెర.

ఆ పేరుకి మా భాషలో ఓదార్పు అని అర్థం.
ఇంట్లో ఒకరు పోయాక పుట్టిన పిల్లకి పెడతారు.
రాసేటప్పుడు మధ్యలో ఎస్ మీద చిన్న టోపీ ఉండాలి.
టోపీ ఉంటే ఊపిరి వదిలి పలకాలి,
లేకపోతే బిగబట్టి.
నేనెప్పుడూ పెట్టలేదు. తొందర.

సమావేశంలో పదకొండు టైలు, ఆమె.
"బండిని పైకెక్కించాలని చూడకండి,
మంచు పడకముందే తల్లిని కిందికి తెద్దాం.
ఆసుపత్రి పక్కన ఒక ఇల్లు, పొయ్యి, పెద్ద కుండ.
నెల ముందే వచ్చి ఉంటారు" అంది.
ఎవరో చక్కెర అడిగారు.
పది నిమిషాలాగి డాక్టర్ రాలెబిత్సో
అవే మాటలు కాస్త లావు గొంతుతో అన్నారు.
బల్ల చుట్టూ తలలన్నీ ఊగాయి.
నా కలం కూడా ఊగింది:
"ప్రతిపాదన: డాక్టర్ రాలెబిత్సో."
దాని కింద, "టీ ఏర్పాటు: సిస్టర్ మాత్సెదిసో."

ఇల్లు లేచింది. రాతి గోడలు, రేకుల కప్పు,
ఎండలో పొట్టలు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళ నవ్వులు.
కాగితం మసేరు దాటి జెనీవా వెళ్ళింది.
వెనకాలే డాక్టరుగారూ వెళ్ళి చాక్లెట్లు తెచ్చారు.
సొమ్మొకరిది, సోకొకరిది.
నేనూ ఒకటి తిన్నాను.

తొమ్మిదేళ్ళకి ఆమె డైరెక్టరై వచ్చింది.
మొదటిరోజు పొద్దున్నే పాత పుస్తకాలు అడిగింది.
చేతులు వణుకుతుంటే మోసుకెళ్ళాను.
క్షమాపణ నోట్లోనే ఉంది, చల్లారిన జొన్నసంకటిలా
మింగుడుపడక, బయటికి రాక.
ఆ జూన్ పేజీ దగ్గర ఆమె వేలు ఆగింది.
రెండుసార్లు చదివింది.
తన మాటలూ చూసింది, వాటి పక్కన పేరూ చూసింది.
వేలు అక్కడ ఆగలేదు, కిందికి జారింది.
"మరణాలు: 2."
"వాళ్ళ పేర్లేవి?" అంది.
ఆమె వెతుకుతున్నది తన పేరు కాదు.

నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు.
కాదు, నేనడగలేదు.
"రాయి," అంది.
మాదినెయో. మాపొలోకో.
మార్జిన్‌లో చోటు తక్కువైంది, ఇరికించి రాశాను.

మొన్న జెనీవాలో ఆమెకి ఏడు నిమిషాలిచ్చారు.
ఆఫీసు కంప్యూటర్‌లో బొమ్మ ఆగి ఆగి వస్తోంది.
ముందున్న పేరు అట్ట మీద అక్కడా టోపీ లేదు.
జేబులోంచి పెన్ను తీసి, తనే గీసుకుని,
మైకు దగ్గరికి జరిగింది.
మొదట ఆ రెండు పేర్లు చెప్పి
చాలాసేపు ఊరుకుంది.
దుబాసీకి ఏం చెయ్యాలో తెలియలేదు.
గడియారం ఎర్రబడ్డాక కూడా
పొయ్యికి కట్టెలెవరు కొంటారో అడుగుతూనే ఉంది.

సంతకాలైన మినిట్స్ దిద్దడం నిబంధనలకు విరుద్ధం.
ఆ నిబంధన టైపు చేసింది నేనే.
అయినా సాయంత్రాలు అందరూ వెళ్ళాక
అదే నీలం సిరాతో కూర్చుంటున్నాను.
టీ ఏర్పాటు అన్న వరస కొట్టెయ్యలేదు,
అది నా రాత, అలాగే ఉండనీ.
ఇప్పటికి నలభై రెండు టోపీలు పెట్టాను.
ఇంకా రెండు పుస్తకాలున్నాయి.