అంచు కాడ

బోర్డు మీద నిలువుగా ఒక గీత గీస్తాను.
"అనంతమైన పలక అనుకోండి" అంటాను.
కర్నూల్లో అనంతమైనదేదీ లేదు,
మే నెల మధ్యాహ్నం తప్ప.
అయినా ఇరవై రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాం
నేనూ, నా ఎదుటి బెంచీలూ.

గీతకు అటూ ఇటూ బాణాలు,
దువ్వెన పళ్లలా, అన్నీ లంబంగా.
దూరం జరిగినా బలం తగ్గదు, రాసుకోండి.
ఆవేశమంతా పైముఖాల మీదే. లోపల క్షేత్రం సున్నా.
మా సీమ ఆవేశాన్ని సినిమాల్లో చూసినవాళ్లకు
ఈ ముక్క ఎవరూ చెప్పినట్టు లేరు.

హారంలో రెండు ఉంటుందా, ఉండదా?
ఏటా సగం క్లాసు ఒక మార్కు పారేసుకునేది అక్కడే.
పలక ఒకటే, ముఖాలు రెండు.
పంచకముందు లెక్కపెడితే రెండు ఉంటుంది,
పంచుకున్నాక లెక్కపెడితే ఉండదు.
ఇంట్లో చేను పంపకాలు చూసిన పిల్లలకు
చప్పున అర్థమవుతుంది.

చివరి బెంచీలో సుంకన్న లేచాడు.
రాత్రి పని, పగలు కాలేజీ.
చెవి వెనక ఇంకా పిస్తా రంగు పొడి.
"మరి అంచు కాడ ఎట్ల, మేడం?"
"అంచు లేదనుకున్నాం కదా."
"మా షెడ్లో అన్నిటికీ అంచులుంటాయి మేడం."
క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను.
గంట కొట్టారు కాబట్టి బతికిపోయాను.

ల్యాబు బీరువా తుప్పు పట్టి మూడేళ్లు.
రంగుకు సంతకం దొరికింది ఫిబ్రవరి చివర.
ట్రాలీ ఆటోలో బీరువాను పట్టుకుని కూచుని
సి క్యాంపు నుంచి కల్లూరు ఎస్టేటు దాకా
నేనే తీసుకుపోయాను.

ఖలందర్ సాబ్ షెడ్డు.
కొక్కేలకు కూలర్ రేకులు, ఆసుపత్రి మంచాల కోళ్లు,
ఏదో బడి గేటు సగం.
సుంకన్న ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు,
మా బీరువా సొరుగును వేలాడదీసి
ఎర్త్ క్లిప్పు పెట్టి, పొడి తుపాకీ ఎత్తాడు.
ఎనభై వేల వోల్టులు. పిడుగు లేదు, మెరుపు లేదు.
ఒక చిన్న మేఘం రేకు వైపు బయల్దేరింది.
నడుమన తిన్నగా పోయి అతుక్కుంది.
చివర్లకొచ్చేసరికి వంగి,
వెనక్కి తిరిగి, మేం చూడని వైపూ పట్టుకుంది.
అంచుల మీదయితే
నీళ్ల ట్యాంకరు చుట్టూ బిందెల్లా
ఒకదాని మీద ఒకటి.
ఇరవై రెండేళ్లు నేను సుద్దతో గీసినవి
పిస్తా రంగులో ఎగురుతూ కనిపించాయి.

సొరుగు లోపలి మూల మాత్రం బోడిగా మెరుస్తోంది.
పొడి అక్కడిదాకా పోయి
గడప బయటి నుంచే తిరిగొస్తోంది.
"పెంచురా!" ఖలందర్ సాబ్ కేక.
సుంకన్న మీట తిప్పాడు. పైకి కాదు, కిందికి.
ఎనభై, అరవై, నలభై.
"జోరు పెంచితే అంచులే మింగేస్తాయి మేడం.
తగ్గిస్తేనే మూలకు పోతాది."
"ఎవరు చెప్పారు?"
"ఎవురూ చెప్పలే. ఆరు కూలర్లు వాపసొచ్చినాయి."

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది.
సుంకన్న హారంలో రెండు తప్పుగా పెట్టాడు.
ఒక మార్కు తీసేశాను.
తీసేసి, పేపరు కట్టలో పెట్టకుండా
చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాను.

బీరువా ఇప్పుడు ల్యాబులో ఉంది.
అప్పుడప్పుడు సొరుగు తెరిచి మూలలో వేలు పెడతాను.
రంగు ఉంది, కాస్త పల్చగా.

ఈ ఏడూ బోర్డు మీద గీత గీశాను.
"అనంతమైన" అనబోయి
గీతకు పైనా కిందా కొసలు పెట్టాను.
కొసల దగ్గర బాణాల్ని వంచుతుంటే సుద్ద విరిగింది.
ముందు బెంచీ పిల్ల చేయెత్తింది.
"ఇది పరీక్షలో వస్తాదా మేడం?"
రాదు, అన్నాను.
గీసుకోండి.