కుచ్చుల గడ్డి

బీచ్ రోడ్డు రిసార్టువాళ్ళు
అందానికని నాటారట
ఊదారంగు కుచ్చుల గడ్డి.
గాలికి గేటేమిటి?
మూడేళ్ళలో ఎర్రమట్టి దిబ్బలెక్కింది.

కోరాడ పైడితల్లి మేకలు
మూతిపెట్టి, తుమ్మి, పక్కకి తిరిగాయి.
"మేక ఒగ్గేసిందంటే అది గడ్డి కాదు బావూ" అంది.

మాఘానికే ఎండింది.
ఎవడో విసిరిన బీడీ ముక్క.
బలుసు, పరికి, కలేపొదలు
ఒక్క మధ్యాహ్నంలో బూడిద.
కముజుపిట్టల సంగతి
నేను చూడలేదు, రాయను.

తొలకరికి
నల్లటి నేలమీద ముందు లేచింది
అదే గడ్డి,
లేతగా, ఏమీ ఎరగనట్టు.

పైడితల్లి దుబ్బు దుబ్బూ పెరికి
కొంగులో మూటకట్టింది
గింజ రాలకుండా.
నేనూ వంగాను, చీకటిపడేదాకా.

మద్దిలపాలెంలో బస్సు దిగి చూసుకుంటే
ప్యాంటు అంచున
నాలుగు గింజలు,
నాతోపాటు టిక్కెట్టు లేకుండా.