నాలుగో కాలు

పులియాంతోపులో మా ఇంట్లో ఒక బల్ల ఉంది.
మూడు కాళ్లే. నాలుగో చోట ఇటుకలు.
మీద గ్రైండరు, కట్టని కరెంటు బిల్లులు,
తమ్ముడి హెల్మెట్.
చేయించింది మా జేజి, ఓబులమ్మ.

జేజి పుట్టింది నాటాల్‌లో, చెరకుతోట కొట్టాల్లో.
వాళ్ల నాయనకు అక్కడ పేరు లేదు, నంబరుంది.
తెల్లోళ్లు సముద్రాన్ని కూడా పంచారట:
ఈ అలలు వాళ్లవి, అవతలివి మనవి.
"చేపలకు చదువు రాదు గదా,
అటూ ఇటూ తిరిగేవి" అని నవ్వేది.

పద్దెనిమిదో ఏట రైలు స్టేషన్లో
తెల్లవారికి మాత్రమే అని రాసిన బెంచీ మీద
రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.
ఉద్యమమని కాదు. కాళ్లు నొప్పి.
రెండోసారి కాళ్లు నొప్పి లేదు.
మూడోసారి ఆమె వెనక నలభైమంది ఆడవాళ్లు,
చంకల్లో పిల్లలు,
ఒకామె చేతిలో బతికున్న కోడి, ఎందుకో ఎవరికీ తెలీదు.

ఏడుసార్లు జైలు.
ఒక వార్డరు దెబ్బకి ఎడమ చెవి పోయింది.
అందుకే మేం ఆమె కుడిపక్కే కూర్చోవాలి,
ఆ చోటు కోసం రోజూ తగువు.

చివరికి ఓడెక్కించారు,
మీ దేశం పో అన్నారు.
ఎప్పుడూ చూడని ఆ దేశం
మద్రాసు రేవులో తెల్లవారుజామున
ఎండుచేపల వాసనతో ఎదురొచ్చింది.

చూలైలో టీకొట్టు.
"ఏ ఊరమ్మా?"
"డర్బన్."
"అది కాదు, మీ నాయనది?"
పుంగనూరు పక్క పల్లె అంది,
ఊరికి ఏ వైపో కూడా చెప్పింది, దాచడం తెలియక.
అతని చెయ్యి గాజుగ్లాసు మీది నుంచి
చూరుకు వేలాడే కొబ్బరిచిప్ప మీదికి జరిగింది.
జానెడే.

జేజి కొట్టంతా వెతికిందట
బోర్డు ఎక్కడుందని.
ముందు గోడ, పక్క గోడ, తలుపు వెనక.
సున్నం తప్ప ఏమీ లేదు.
"అక్కడ రాసేవాళ్లు.
రాసిందాన్ని చూపించి కొట్లాడొచ్చు.
ఇక్కడ దేన్ని చూపించేది?"

మూర్ మార్కెట్ వెనక ఒక వడ్రంగికి
చెవికమ్మలు అమ్మిన డబ్బు పోసి
బల్ల చేయించింది.
నెత్తిన పెట్టుకుని పోయి కొట్టు ముందు దించి కూర్చుంది.
వచ్చిన పోలీసుకి
ఏ సెక్షన్ కింద పట్టుకోవాలో తోచలేదు.
మూడోరోజు, తెల్లారగట్ల వీధులూడ్చి వచ్చేవాళ్లు
చీపుర్లు గోడకి ఆనించి
ఆమె పక్కన సర్దుకున్నారు.

పన్నెండోరోజు అతను గాజుగ్లాసులోనే టీ ఇచ్చాడు.
తాగాక, ఆమె చూస్తుండగా, రోడ్డు మీద పగలగొట్టాడు.
"మంచిది. రోజూ పగలగొట్టు, రోజూ వస్తా.
నీ గాజు ముందు అయిపోతుందో
నా దాహం ముందు తీరుతుందో చూద్దాం."
నెల తిరిగేసరికి చిప్ప మాయమైంది.
మనసు మారిందని మేం అంటే
జేజి ఒప్పుకునేది కాదు:
"లెక్క చూసుకున్నాడు లే.
లెక్కయినా చూసుకున్నాడు."

పోయిన ఆదివారం వేళచ్చేరిలో
అద్దెకు ఇల్లు చూడబోయాను.
గాలి బాగుంది, నీళ్లు రెండుపూటలా.
ఇంటావిడ కాఫీ ఇచ్చింది,
ఉద్యోగం అడిగింది, జీతం అడిగింది, మెచ్చుకుంది.
"మీరు ఏం తింటారు?"
చెప్పాను.
"మీ వాళ్లది ఏ ఊరు?"
చెప్పాను.
"మా ఆయన్ని అడిగి ఫోన్ చేస్తా."
గేటుకున్న బోర్డు చదివాను, రెండువైపులా.
అద్దెకు ఇవ్వబడును అని తప్ప
ఇంకేమీ రాసిలేదు.

ఇది గురువారం. ఫోన్ రాలేదు.
గ్రైండరు కింద పెట్టాను.
బిల్లులు తీశాను, హెల్మెట్ మేకుకి తగిలించాను.
నాలుగో కాలుకి ఎంతవుతుందని
పెరంబూరులో వడ్రంగిని అడిగాను.
బల్ల తీసుకొస్తే చెప్తానన్నాడు.

ఎత్తి చూశాను.
పాతకాలపు చెక్క, ఒక్కదాన్నే మొయ్యలేను.
జేజి ఎలా మోసిందో.
తమ్ముణ్ణి కేకేశాను.