జీరో టికెట్

మిరుగం చినుకు పడ్డ రాత్రే
భూమిల నుంచి లేస్తరు వాళ్ళు.
పిలిచినోళ్ళు లేరు, బోర్డు పెట్టినోళ్ళు లేరు,
దుబ్బ తడిసిన వాసనే వాళ్ళకు హారను.

కల్వకుర్తిల మా ఇంటెనుక జాగ ఎంతని?
రెండు మంచాలేస్తే నిండుతది.
అండ్లనే మునగ, రెండు గులాబీలు,
గోడ పొంటి పుంటికూర.
పొద్దుగాల పోయి చూస్తే
ఆకు ఆకుకు పంచు కొట్టి పోయిండ్రు.
మిషన్లు రాకముందు పదకొండేండ్లు
నేనూ గట్లనే కొట్టిన,
వెల్దండకు ఒక తూటు, అచ్చంపేటకు ఒక తూటు.
నా పని నాకే చూపెడుతున్నయి
ఈ చింతగింజ రంగు పెంకి పురుగులు.

మందు తెస్తనన్నడు మా ఆయన.
పత్తికి కొట్టేదే, ఒక్క మూత చాలట.
మా తమ్ముడు జంగయ్య గదే మూత కొలిచి
గాలికి ఎదురు నిలబడి కొట్టి
మూడు రోజులు దవాఖానల కండ్లు తెరవలే.
తెరిచినంక మొదలు అడిగింది
చేను ఎట్లుందని.
పుంటికూర మనమే తింటం గదా, అన్న.
ఆయన చెప్పులేసుకొని చాయ్‌కు పోయిండు.

గోడవతల మెహమూదా ఆపా చెప్పింది:
రాత్రి ఎనిమిదింటికి కొమ్మ దులుపు,
తొట్టిల సర్ఫు నీళ్ళు పెట్టు,
మిగిలినయి పొద్దుగాల మా కోళ్ళకియ్యి.

సెల్లు లైటు సంకల ఇరికిచ్చుకొని
పాత ఖాకీ చీర కింద పరిచి
మునగ కొమ్మను ఒక్క జాడింపు.
బ్యాగుల చిల్లర పోసినట్టే చప్పుడు.
పడ్డది పడ్డట్టే కాళ్ళు ముడుచుకొని
సచ్చినట్టు పండుకుంటయి,
చెకింగోళ్ళు ఎక్కంగనే
నిద్రపోయే పాసింజర్ల లెక్క.
నేను ఎందరిని లేపలే!
ఒక్కొక్కటి ఏరి నీళ్ళల్ల ఏస్తుంటే
ఏళ్ళను పట్టుకుంటది, రంపమసొంటి కాళ్ళతోని,
ఇడువది.

మొదటి రాత్రి రెండు వందల పన్నెండు.
రెండో రాత్రి నూటా నలభై.
ఎస్సార్ల రాసినట్టు క్యాలెండరు మీద రాసిన.
మూడో రాత్రి రాయలే.

మా నాయిన పల్లిచేన్ల ఎండిన మొక్కను
రెండేళ్ళతో పీకి చూపెట్టేటోడు.
ఏరు ఉండకపోయేది.
తవ్వితే తెల్లగ, కొడవలి తీరు వంగి,
కండ్లు లేని పిల్ల పురుగు.
గదే ఇది. ఏడాది పొడుగు చీకట్ల ఉండి
నాలుగు దినాల ఆకు కోసం
రెక్కలు కట్టుకొని వచ్చింది.
చెయ్యి ఆగింది నాకు.
లైటు పైకెత్తి చూస్తే మునగకు ఈనెలే మిగిలినయి.
చెయ్యి మళ్ళ నడిచింది.

తెల్లారి నాలుగు యాభైకి ఫస్టు బస్సు.
ఆమనగల్లుల ముప్పై మంది ఎక్కిన్రు.
అందరు ఆడోళ్ళే, పూల గంపలు, కూరల మూటలు,
ఆధార్ కార్డులు నోట్ల పట్టుకొని.
జీరో టికెట్లు కొడుతుంటే
కడ్తాల్ దాటినంక కనవడ్డది.
మిషన్ మీద, నా బొటనేలు పక్కన,
ఒకటి, మెల్లగ పాకుకుంట.
నా కొంగులనే ఎక్కినట్టుంది ఇంటి కాడ.
ఆడదో మగదో ఎట్ల తెలుస్తది?
కార్డు అడగాల్నా?

ముందర సీటు ముసలమ్మ చూసి
"బిడ్డా, పురుగు, సంపు" అన్నది.
నేను చెయ్యి కిటికీ బయట పెట్టిన.
ఇసరలే, ముయ్యలే.
బయట అన్ని ప్లాట్లు, కడీలు, జెండాలు,
నడుమ ఎవరు కొట్టకుండ ఇడిచిన యాపచెట్టొకటి
లేత చిగురుతోని ఎనుకకు పోతుంది.

నర్సిరెడ్డి అద్దంల చూసిండు.
"ఏందక్కా, ఆపాల్నా?"
"ఒద్దు, పోనియ్యి."

అరచెయ్యి మీద గాలి.
ఉన్నదో పోయిందో చూడలే.
ఇంటెనుక తొట్టి
ఇంక పారబొయ్యలేదని యాదికొచ్చింది.