ఆదివారం మేత

అడయార్‌లో ఆదివారం. లిఫ్ట్ ఆడదు.
నాలుగో అంతస్తుకి ఎక్కుతాను.
ఫ్లాస్కులో గులాబి నీళ్ళు పసుపుకి తిరిగాయంటే
ఆకలేసిందని.

నలభై ఒకటో నంబరు.
సూళ్ళూరుపేట పిల్లాడు, తొమ్మిదేళ్ళు.
పోయి రెండేళ్ళు.
వాడి నెత్తుటి కణాలు మాత్రం
రోజుకోసారి రెండవుతూనే ఉన్నాయి.

మొన్న వాళ్ళమ్మ ఏదో సర్టిఫికెట్ కోసం వచ్చి,
రైలు టికెట్టు కొంగున ముడేసుకుంటూ
"వాడిది ఏమన్నా మిగిలిందా మేడమ్?" అంది.

ఉంది.
ఉన్నది వాడు కాదు, వాణ్ణి తిన్నది.
నోరు పెగల్లేదు.
అప్పుడు ఒప్పుకున్న కాగితం తీసి చూపించాను.
తన వేలిముద్ర నీలిమరక మీద
మళ్ళీ వేలు పెట్టి చూసుకుంది,
సరిపోయిందా అన్నట్టు.

గురువారం వేసిన కొత్త మందుకి
సగం చచ్చాయి.
మిగతా సగానికి
మేత పోశాను.
రేపటికి కావాలిగా.