మూడో కానా

సోమాజిగూడ ఆఫీసులో ఏసీ చల్లగా ఉంది.
"టీచరమ్మా, తాతగారి జీవితం నుంచి
పది పాఠాలు చాలు, ఒక్కోటీ రెండు లైన్లు.
నూరేళ్ల సావనీర్‌లో ఆయన ఫోటో పక్కన వేస్తాం" అన్నారు.
ఒక పెన్‌డ్రైవూ, ఒక కాజూ డబ్బా చేతిలో పెట్టారు.

మొదటి పాఠం తేలిగ్గానే వచ్చింది.
ఆర్కాటు కన్నియప్ప మొదలియార్
సికింద్రాబాదులో దిగినప్పుడు భుజం మీద ఆముదం డబ్బా.
సిగ్నల్ దీపాలకు నూనె పోస్తూ పోస్తూ
ఆ వెలుగులో మెరిసే పట్టాల మీద కన్ను వేశాడు.
చీకట్లో నిలబడ్డవాడికే రాకపోకల లెక్క తెలుస్తుంది.
ఇది రాశాను. వాళ్లకు నచ్చుతుంది.

రెండోదీ అంతే.
బ్రాంచి లైను కోసం చిలకలగూడ ఇల్లు అమ్మేసి
గార్డు పెట్టెలో పడుకున్నాడు రెండు ఎండాకాలాలు.
బ్యాంకు కాదంటే బేగంబజారు సేట్ల దగ్గర,
వాళ్లూ కాదంటే తన మేస్త్రీల దగ్గరే చేబదులు.
కూర్చున్న ఫోటో ఒక్కటి లేదు ఆ మనిషిది.
"పట్టా వేసినవాడు దారి అడగడు" అనేవాడట.
మాట బాగానే ఉంది.
పట్టా మోసినవాడి సంగతి అందులో లేదు.

మూడోదాని దగ్గర కలం ఆగింది.

మా ఇంట్లో ఒక ఇనుప రింగు ఉంది, రెండంగుళాలది.
మౌలాలి గుట్ట కింద మా అవ్వ సాయవ్వ
కంకర కొట్టిన నాటిది.
రాయి రింగులోంచి జారితే బండిలోకి,
జారకపోతే మళ్లీ సుత్తె కిందికి.
మొగోళ్లకు ఐదణాలు, ఆడోళ్లకు మూడు, హాలీ సిక్కాలో.
"రాయికి ఆడా మొగా లేదు గద బిడ్డా,
రింగు ఒక్కటే. కూలికే రెండు రింగులు" అనేది.
ఇది ఏ పాఠం కింద వేయాలి?

ఆ తర్వాత వాగు.
ఎండల్లో కొలిచిన వాగు, చేతిరుమాలంత తడి.
మేస్త్రీ ఎల్లప్ప మూడు కానాలు కావాలన్నాడు.
మొదలియార్ రెండు చాలన్నాడు.
మిగులు పద్దెనిమిది వందలు, ఎర్ర సిరాలో,
పెన్‌డ్రైవ్‌లో కూడా ఉంది, నలభయ్యో పేజీ.
వాగుకు లెక్కలు రావు.
మిరుగు పోయిన పన్నెండో నాటి రాత్రి
కట్టను కోసుకుపోయింది,
కట్ట మీది ట్రాలీని, ట్రాలీ మీది తొమ్మిది మందిని.
ఎల్లప్ప తొమ్మిదోవాడు.

తెల్లారి మొదలియార్ నడుం లోతు నీళ్లలో నిలబడ్డాడట.
ఎవరినీ తిట్టలేదట. అది మొదటిసారట.
ఎల్లప్ప పెళ్లానికి గేటు కాపలా పని ఇచ్చాడు.
ముప్పై ఏళ్లు పచ్చజెండా పట్టుకుని
ఆమె ఆ రైలుకే దారి ఇచ్చింది.
మూడో కానా కట్టించి, దాని లోపలి గోడలో
ఒక రాయి పెట్టించాడు:
"దీన్ని ముందే కట్టవలసింది. క."

నిన్న మౌలాలిలో దిగి పట్టాల వెంట నడిచాను.
కానాలో ప్లాస్టిక్ సంచులు, బీరు సీసాలు, ఒక మంచం పట్టె.
ఫోన్ టార్చి వేస్తే నాచు కింద అక్షరాలు ఉన్నాయి,
రైల్లో పోయేవాళ్లకు ఎన్నడూ కనబడని చోట.
తప్పు ఒప్పుకున్నాడా, దాచుకున్నాడా?
ఇక్కడ వంగి చూసేది కీమ్యాన్ ఒక్కడే.
బహుశా వాడికి చెప్పాలనే పెట్టాడేమో.
బహుశా వాడికి చదువు రాదనే పెట్టాడేమో.

తొమ్మిది పేర్లు మాత్రం లేవు.
చోటు ఉంది. జేనతో కొలిచాను.

అక్కడే ఫోన్ మోగింది.
"ఎన్ని అయ్యాయి టీచరమ్మా?"
"రెండు. మూడోది నానుతోంది."
"కాస్త పాజిటివ్‌గా చూడండి."

చూస్తున్నాను.
సంచిలోంచి రింగు తీసి
ఆ బతుకును అందులో పెట్టి చూస్తున్నాను.
జారడం లేదు.
అవ్వ అయితే పారేసేది కాదు,
"ఇంకొక దెబ్బ పడాలె" అని పక్కకు పెట్టేది.

పైన కాజీపేట ప్యాసింజర్ పోయింది.
మూడు కానాలూ ఒక్కసారి వణికి
ఊరుకున్నాయి.